అత్తగారి సాక్ష్యం

వీసా రాకపోవడానికి కారణం అత్తగారి నోరే. వీసా ఆఫీసువాళ్ళు ఆరా తీయడానికి ఇంటికి ఫోన్ చేస్తే ఎత్తింది ఆవిడే. ఎవరు మాట్లాడేదని అడిగితే, "అత్తగారిని. కోడలు పనికెళ్ళింది" అంది. ఇంకేముంది! మాజీ మొగుడి తల్లి ఆ ఇంట్లోనే కాపురముంటే మొదటి పెళ్ళి తెగినట్టెలా అవుతుందని అనుమానపడి, ఇండియాలో ఉన్న కొత్త మొగుడి దరఖాస్తు తిరగ్గొట్టారు.

కోడలికి కోపం రాలేదంటే అబద్ధం. ఆస్పత్రి లాండ్రీలో వేడివేడి దుప్పట్లు మడతపెడుతూ రోజంతా పళ్ళు నూరుకుంది. రెండో పెళ్ళయి ఏడాది దాటినా ఫోన్లోనే సంసారం మరి. తీరా ఇంటికొచ్చేసరికి అత్తగారు కళ్ళొత్తుకుంటూ, "నా నాలిక కోసెయ్యవే" అంది. దాంతో కోపం నీరుగారిపోయింది. మొదటివాడు ఇంకొకామెతో చెక్కేసినప్పుడు ఆవిడ కొడుకు వెంట వెళ్ళలేదు. కోడలి దగ్గరే ఉండిపోయింది. కన్నకొడుకు మీద అలిగి కోడలి పంచన చేరిన తల్లికి ఏ ఆఫీసువాడి ఫారంలో గడి ఉంటుంది?

అప్పీలు వేసిన లాయరమ్మ తేలిక దారి చెప్పింది. "పెద్దమ్మా, 'ఈమె ఇప్పుడు నాకేమీ కాదు' అనండి, చాలు. చట్టం ప్రకారం నిజమే కదా."

అత్తగారు ఆ ముక్క బట్టీపట్టింది. అంట్లు తోముతూ కూడా "నాకేమీ కాదు, నాకేమీ కాదు" అని గొణుక్కునేది. వింటుంటే కోడలికి ముందు నవ్వొచ్చేది, తర్వాత మనసు చివుక్కుమనేది.

విచారణ రోజున బల్ల వెనక జడ్జి, పక్కన దుబాసీ, గోడమీది తెరలో కొత్త మొగుడు.

"ఈమె మీకేమవుతారు?" జడ్జి ప్రశ్నని దుబాసీ తెలుగులో అడిగాడు.

అత్తగారు లాయరమ్మ వైపు చూసింది. లాయరమ్మ కళ్ళతోనే బతిమాలింది.

"కోడలే బాబూ," అంది చివరికి. "విడాకులిచ్చింది నా కొడుక్కి. నాకివ్వలేదు."

లాయరమ్మ తల పట్టుకుంది.

"మీ అబ్బాయి ఆ ఇంటికొస్తుంటాడా?"

"వస్తే తలుపు తియ్యాల్సింది నేనే. తియ్యను."

దుబాసీ ఆ మాట చెప్పగానే జడ్జి నవ్వాపుకుంటూ కాసేపు రాసుకున్నాడు. మొదటి పెళ్ళి ముగిసిందని నమ్ముతున్నానని, అప్పీలు ఒప్పుకుంటున్నానని చెప్పాడు. తెరలో మొగుడు మొహం దోసిట్లో దాచుకున్నాడు. ఇంకేమైనా చెప్పాలా అని జడ్జి మర్యాదకి అడిగాడు.

అత్తగారు తెరవైపు చూడలేదు. "అతనొచ్చాక నన్నుండనిస్తాడో లేదో మీరే అడిగి చెప్పండి బాబూ. నాకడగాలంటే భయంగా ఉంది."

కోడలికి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఏడాదిగా మొగుడి రాక కోసం కలవరిస్తోంది కానీ, ఈ మనిషికి ఒక్క మాట చెప్పాలని తనకే తోచలేదు. లేచి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"నువ్వెక్కడికీ పోవత్తయ్యా. సర్దుకోవాల్సింది ఆయనే."

తెరలో మొగుడు, దుబాసీ నోరు తెరవకముందే, గబగబా తలూపాడు.