పిడికెడు పాత ఊక

నరసరావుపేటలో మా ఫార్మసీ కాలేజీ యానిమల్ హౌస్‌లో ఆ ఎనిమిది తెల్ల చిట్టెలుకలు చావాలి. నా థీసిస్ అంతా దాని మీదే ఆధారపడి ఉంది. కసాయి మాటలా వినిపిస్తుందని తెలుసు, కానీ లెక్క అదే. టైఫాయిడ్ లాంటి జబ్బు తెచ్చే బ్యాక్టీరియాని బలహీనం చేసి, టీకాగా పది ఎలుకలకి తాగించాను. ఈ ఎనిమిదింటికీ ఏమీ ఇవ్వలేదు. నెల తర్వాత అన్నింటికీ అసలు బ్యాక్టీరియా ఎక్కించాను. టీకా పడ్డవి బతికి, పడనివి పోతే నా టీకా పనిచేసినట్టు.

పదో రోజు పొద్దున వెళ్ళేసరికి ఎనిమిదీ నిక్షేపంగా మేత కొరుక్కుంటున్నాయి.

నాకు ఏడుపొచ్చింది. డోసు తప్పిందేమోనని చూశాను, సరిగ్గానే ఉంది. ఎలుకలు తారుమారయ్యాయేమోనని చెవి గుర్తులు చూశాను, అవీ సరిగ్గానే ఉన్నాయి. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక పీర్ సాహెబ్ మీద పడ్డాను. ఆయన పదేళ్ళుగా ఆ ఎలుకల ఆలనాపాలనా చూస్తున్న మనిషి.

“బాబాయ్, నిజం చెప్పు. నా ఎలుకల్ని ఏం చేశావ్?”

“నేనేం జేస్తా భావనమ్మా? వారం వారం కేజ్‌లు కడిగి కొత్త ఊక పోశా. పైన పిడికెడు పాత ఊక ఏశా.”

“పాతదా? ఎక్కడిది?”

“అన్ని కేజ్‌లదీ ఒక బకెట్లో కలిపి ఉంచుతా, అందులోదే. కోడిపిల్లల్ని కొత్త గంపలోకి మార్చేటప్పుడు మా అమ్మ అట్టానే ఏసేది. పాత వాసన లేకపోతే చానా బెదురుతయి, మేత ముట్టవు.”

అన్ని కేజ్‌లంటే టీకా తాగినవాటివి కూడా. వాటి పెంటికల్లో ఆ బలహీనమైన బ్యాక్టీరియా బయటికి వస్తూనే ఉంటుంది.

అసలు బ్యాక్టీరియా ఎక్కించడానికి ముందు రోజే ఆ ఎనిమిదింటి రక్తం నుంచి సీరం తీసి ఫ్రీజర్లో దాచాను. అది బయటికి తీసి, చంపిన బ్యాక్టీరియాతో స్లైడు మీద కలిపాను. జ్వరమొస్తే మా పేటలో ప్రతివాళ్ళూ చేయించుకునే వైడాల్ పరీక్ష లాంటిదే. చుక్క ముందు తెల్లగా, పలచగా ఉంది. నిమిషం పాటు స్లైడు ఊపేసరికి పాలు విరిగినట్టు విరిగింది. ఎనిమిదికి ఎనిమిదీ అంతే. అంటే అసలు బ్యాక్టీరియా రాకముందే వాటి ఒళ్ళు దాన్ని ఎరుగును.

నేను వాటికి ఏమీ ఇవ్వలేదు. ఊకలో ముక్కు పెట్టి వెతుక్కుంటుంటే లోపలికి పోయిన కాసిని క్రిములు, అంతే. పాతిక గ్రాముల ఒళ్ళు వాటిని పట్టుకుని, వాటి రూపు నేర్చుకుని, మళ్ళీ వస్తే ఏం చేయాలో సిద్ధం చేసుకుని కూర్చుంది. పుస్తకంలో పదిసార్లు చదివిన సంగతే. అయినా ఆ స్లైడుని దించకుండా చూస్తూ ఉండిపోయాను. థీసిస్ మునిగిన సంగతి కూడా కాసేపు గుర్తు రాలేదు.

పీర్ సాహెబ్‌ని పిలిచి చూపించి, జరిగింది చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

“ఇంత ఒంట్లో అంత గ్నాపకమా తల్లీ?” అన్నాడు మెల్లగా.

మా గైడు అనసూయ మేడం ఊక సంగతి విని, ఎనిమిది స్లైడులూ ఒక్కొక్కటే వెలుగుకి పట్టి చూశారు. తర్వాత అన్నారు, “దీన్నే థీసిస్ చెయ్యి. ఇంకో ఎనిమిది ఎలుకలకి పర్మిషన్ ఉంది. నాలుగింటికి ఆ ఊక వేయించు, నాలుగింటికి వద్దు. రెండో రకం చస్తేనే మొదటి రకం ఎందుకు బతికిందో నమ్ముతారు.”

నేను గాల్లో తేలుతూ యానిమల్ హౌస్‌కి వెళ్ళాను.

రెండు కొత్త కేజ్‌లు బల్ల మీద పెట్టాం. మేడం మాట చెప్పాను. పీర్ సాహెబ్ బకెట్లోంచి పిడికెడు ఊక తీసి, ఒక కేజ్ మీదికి చెయ్యి చాపి ఆగిపోయాడు. ఇన్నాళ్ళూ బెదరకుండా ఉంటాయని వేశాడు. ఇప్పుడు అది ఏం చేస్తుందో ఆయనకీ తెలుసు.

“దేనికి వెయ్యొద్దో నువ్వే చెప్పమ్మా,” అన్నాడు. “నా నోటితో నేను చెప్పలేను.”

రెండు కేజ్‌లలోనూ అవి వెనక్కాళ్ళ మీద లేచి, ముక్కులు ఆడిస్తూ ఆయన చేతికేసే చూస్తున్నాయి. నేను వేలు పెట్టి ఒకటి చూపించాను.

ఆయన రెండోదాంట్లో ఊక చల్లాడు. గ్లౌజులు తీసేసి కొత్తవి తొడుక్కున్నాడు. నేను చూపించినదాంట్లో ఊక లేని ఖాళీ చెయ్యి పెట్టి, నాలుగింటినీ ఒక్కొక్కటిగా నిమిరి మూత వేశాడు.