శుభలేఖ టైపు కొట్టిన దొరసాని

గోపాలకృష్ణకి వచ్చిన ఇంగ్లీషంతా పోగేస్తే ఒక పోస్టుకార్డు వెనక పట్టేస్తుంది. అయినా నరసరావుపేట స్టేషను రోడ్డులో శేషగిరిరావు వేసిన డేరా సినిమాలో, ఇంగ్లీషు బొమ్మ ఆడుతుంటే తెర పక్కన నిలబడి, రేకు బాకా నోటికి పెట్టుకుని, జనానికి తెలుగులో కథ చెప్పే పని అతనిదే. ఎందుకంటే అతను బెజవాడ పేపరుకి ఊరి విలేఖరి. పేపరులో రాసేవాడికి తెలియనిదేముంటుందని శేషగిరిరావు నమ్మకం. పేరు గొప్ప, ఊరు దిబ్బ! ఆ వార్తలు రాసేది చెల్లెలు రామతులసి. పొయ్యి ఆర్పి, చేతులు కడుక్కుని, ఆ పిల్ల రాసిన కాగితం కింద సంతకం గీకడమే అన్నగారి విలేఖరితనం.

దానికి తోడు ఇంకో తెలివి ఉంది. మధ్యాహ్నం రెండింటి బండికి అందని వార్త మర్నాటి పేపరులో పడదు. అందుకని సాయంత్రం జరగబోయే సభని గోపాలకృష్ణ పొద్దున్నే జరిపించేసేవాడు. "రాయవే తులసీ, సభ జయప్రదంగా ముగిసెను" అనేవాడు. ఒకసారి ఉపన్యాసకుడు జ్వరంతో మంచం దిగకపోయినా, పేపరులో మాత్రం గంటన్నర మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నాడు. అదేమని అడిగినవాడు లేడు.

నలభై ఆరు వేసవిలో డేరాకి వచ్చిన బొమ్మ ఒక దొరసాని విలేఖరిది. పోలీసులు చేతులెత్తేసిన హత్యని ఆ పిల్ల నోటుపుస్తకం పట్టుకుని ఒంటరిగా ఛేదిస్తుంది. బీరువాలో దాక్కుంటుంది, కిటికీలోంచి దూకుతుంది, కడుపు చెక్కలయ్యేట్టు నవ్విస్తుంది. రొంపిచెర్ల నుంచి కూడా బండ్లు కట్టుకొచ్చారు. తడిక అవతల ఆడవాళ్ళ వైపు కూర్చున్న రామతులసి రెప్ప వెయ్యలేదు. ఒక ఆడది వార్త రాయడం, దాని కింద సొంత పేరు వేసుకోవడం చూసి ఆమెకి కళ్ళు చెమర్చాయి, ఆ వెంటనే ఒళ్ళు మండింది.

ఆఖరి రీలులో దొరసాని హంతకుణ్ణి తనే పట్టుకుంటుంది. ఉంగరం పట్టుకుని నిలబడ్డ దొరబాబుని కాసేపు ఆగమని, టైపు మిషను ముందు కూర్చుని టకటకా వార్త కొడుతుంది. గోపాలకృష్ణకి ఇది మింగుడు పడలేదు. బాకా ఎత్తాడు.

"హంతకుణ్ణి పట్టింది దొరబాబు! దొరసాని సిగ్గుపడతా పెళ్ళి శుభలేఖ టైపు కొట్టుకుంటంది!"

"ఏందయ్యా గోపాలకృష్ణా, మాకు కళ్ళు లేవనుకున్నావా?" తడిక వెనకనుంచి వీరరాఘవమ్మ కేకేసింది. "పట్టింది ఆ పిల్లే గదా! శుభలేఖ రాసేదాని మొహం అట్టా ఉంటదా?"

డేరా గొల్లుమంది. రెండో రాత్రీ అతను అదే శుభలేఖ పట్టుకున్నాడు, జనం అదే గోల చేశారు. దారిలో మగవాళ్ళు కూడా "శుభలేఖ మాకెప్పుడు పంపుతావు?" అని వెంటపడ్డారు. ఇంటికొచ్చి కంచం తోసేశాడు. తప్పు చెప్పానని ఒప్పుకుంటే మీసం రాలిపోతుందేమో!

మూడో రాత్రి తొమ్మిదింటికి ఆఖరి రీలు డబ్బా తెరిస్తే ఖాళీ. శేషగిరిరావు వచ్చి ఆపరేటరు సుభానీ చొక్కా పట్టుకున్నాడు.

"డబ్బాలన్నీ నీ చేతికింద ఉండేయి. దొంగ ఇంకెవడ్రా? పొద్దున పదింటికల్లా రీలు రాకపోతే ఠాణాకే."

తెల్లవారగానే సుభానీ పెళ్ళాం చాంద్ బీ వెనకింట్లోంచి ఏడుస్తూ వచ్చింది. "తులసమ్మా, మా ఆయన మిషనుకి నూనె ముట్టుకున్నాడే గాని ఒకరి సొమ్ము ముట్టుకోలా."

అప్పుడే స్టేషను నుంచి వచ్చిన గోపాలకృష్ణ పేపరు ఊపాడు. "ఇదిగో, అచ్చులో కూడా పడింది. ఇంకేం చెప్తావు?"

రామతులసి లాక్కుని చదివింది. 'నరసరావుపేట డేరాలో ఆఖరు రీలు అపహరింపబడెను. ప్రేక్షకులు నిరాశతో వెనుదిరిగిరి. ఆపరేటరు సుభానీయే దొంగయని తేలినది.' ఈ వార్త తను రాయలేదు. పుట్టి బుద్ధెరిగాక అన్నయ్య సొంతంగా రాసిన మొదటి వార్త ఇది. ఇంకోసారి చదివింది. ఆ తరువాత చాంద్ బీ చెయ్యి పట్టుకుని డేరాకి నడిచింది. "ఏమే, ఎక్కడికే?" అంటూ గోపాలకృష్ణ వెనకబడ్డాడు.

డేరా ముందు జనం మూగి ఉన్నారు. సుభానీ నేలమీద తల వంచుకుని కూర్చున్నాడు.

"శేషగిరి బాబాయ్, రీలు లేదని ఎప్పుడు తెలిసింది?" అంది రామతులసి.

"రాత్రి తొమ్మిదింటికి."

"బెజవాడకి నిన్నటి టపా ఎప్పుడు పోయింది?"

"మధ్యాన్నం రెండింటి బండికి. ఎందుకమ్మాయ్?"

"రాత్రి పోయిన రీలు సంగతి, నిరాశపడ్డ జనం సంగతి, మధ్యాన్నానికే రాసి పంపాడు మా అన్నయ్య. తెల్లారేసరికి అచ్చులో పడింది. ఆయనకెట్టా తెలిసిందో అడగండి."

శేషగిరిరావు పేపరు చూశాడు, గోపాలకృష్ణని చూశాడు.

"టెలిగ్రాం... టెలిగ్రాం కొట్టాను," అన్నాడు గోపాలకృష్ణ.

"రాత్రి తొమ్మిది దాటాక తంతాఫీసు నీకోసం ఎవరు తెరిచారన్నయ్యా?"

 దొంగే దొంగా దొంగా అని అరిచాడు, అదీ జరగకముందే. పాపం, అలవాటు! శుభలేఖ గోల మళ్ళీ పడకుండా, బాకా పెట్టడానికి మిషను గదిలోకి వెళ్ళి రెండో రాత్రే ఎత్తుకొచ్చిన రీలు, ఇంటి అటకమీద పాత పేపర్ల కింద దొరికింది.

శేషగిరిరావు సుభానీ భుజం తట్టి, "అయిందేదో అయింది, పోయి పని చూసుకో," అన్నాడు. క్షమించమనే మాట ఆ పెద్దమనిషి నోట రాలేదు.

"అయిందేదో అవలా బాబూ," అంది చాంద్ బీ. "పేపర్లో దొంగన్నారు. గురజాల్లో, మాచర్లలో చదివుంటారు. రేపు ఏ డేరావాడు ఈయన్ని గడప తొక్కనిస్తాడు? దాన్ని తుడిచేదెవరు?"

రామతులసి ఇంటికొచ్చి కాగితం తీసింది.

"నా దొంగతనం నా సంతకంతో అచ్చేయించుకోవాలా!" అని గోపాలకృష్ణ గుడ్లురిమాడు. "చచ్చినా పెట్టను."

"నీ సంతకం ఎవరికి కావాలి? నేనే పెడతా."

"ఆడదాని పేరు పేపర్లో పడితే నీకు పెళ్ళెట్టా అవుద్దే?"

"నీ పేరు పడితే ఊరికి ఏమి ఒరిగిందో చూశాంగా."

మాటైతే అంది గాని, పేరు రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి రెండింటి బండి టపాలో వేసింది. ఎవరో ఆడపిల్ల రాసిందని పేపరువాళ్ళు బుట్టలో పారేస్తే సుభానీ బతికినన్నాళ్ళూ దొంగే. మొదటి రోజు పడలేదు. రెండో రోజూ పడలేదు. చాంద్ బీ అడగడం కూడా మానేసింది.

మూడో రోజు పొద్దున్నే సుభానీ కాఫీ హోటలుకి వచ్చాడు. మూల బల్ల దగ్గర గోపాలకృష్ణ కండువా సర్దుకుంటున్నాడు. సుభానీ పేపరు రెండు చేతులా పట్టుకుని అతని ముందు పెట్టాడు.

"నాకు చదువు రాదయ్యా. తమరు విలేఖర్లు. ఇది కాస్త చదివి పెట్టండి."

హోటల్లో అందరూ గ్లాసులు దించారు. తప్పించుకునే దారి లేదు. "ఆపరేటరు సుభానీ నిర్దోషి," అని గొణిగాడు గోపాలకృష్ణ.

"గట్టిగా అయ్యా."

"సుభానీ నిర్దోషి. రీలు దాచి, అబద్ధపు వార్త పంపినవాడు... ఈ పత్రిక విలేఖరియే."

చదివి చటుక్కున పేపరు మడవబోయాడు. సుభానీ దానిమీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"కింద రాసినోళ్ళ పేరు గూడా చదవండయ్యా."