అలియాస్ కిరిందోంగో

"ఇక్కడొక సంతకం పడేయండి పెద్దాయనా, పనైపోతుంది," అన్నాడు మాజీ సైనికుల ఆఫీసు గుమాస్తా వేలెస్, కాగితం మీద ఒక గడిని పెన్నుతో తట్టి చూపిస్తూ.

ఎవారిస్తో కళ్ళజోడు సర్దుకుని చదివాడు. గడి పైన 'అలియాస్' అని అచ్చువేసి ఉంది. దాని కింద వేలెస్ అప్పుడే టైపు కొట్టిన ముక్క: కిరిందోంగో.

"ఏమిటయ్యా ఇది?"

"మీరు పట్టాళంలో వాడిన మారుపేరు సార్."

"మారుపేరా! నేనేమన్నా కోళ్ళ దొంగనా, పేరు మార్చుకు తిరగడానికి? అది మా అమ్మ ఇంటిపేరు!"

"నాకు తెలుసు సార్. అక్కడ సర్వీసు కాగితాలు సరిచేసే బోర్డు వాళ్ళకి తెలీదుగా. వాళ్ళ కంప్యూటర్లో మనిషికొకటే ఇంటిపేరు. రెండోది ఉంటే అది అలియాస్ గడిలోకే పోతుంది."

జరిగింది వింటే ఎవరికైనా రక్తం ఉడుకుతుంది. అమెరికా ఏలుబడిలో ఉన్న మా దీవిలో పుట్టిన ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు, ముందు నాన్నది, వెనక అమ్మది. ఎవారిస్తో రోసాదో కిరిందోంగో. ఇంతే సంగతి. ఇది చంటిపిల్లలకి కూడా తెలుసు. అమెరికా పట్టాళానికి మాత్రం తెలీదు, తెలుసుకుందామన్న ధ్యాసా లేదు. చేరేటప్పుడు రాసుకున్నవాడు మనవాడే కాబట్టి సరిగ్గా రోసాదో అనే రాశాడు. యాభై రెండులో, కొరియాలో ఒక కొండ మీద పట్టాళంలోని పక్క కంపెనీకి, అంటే పక్క దళానికి, మనుషులు చాలక ఇతన్ని అడిగి తీసుకెళ్ళారు. రెండు రోజులు మెషిన్ గన్ వదల్లేదు. ముగ్గురు గాయపడ్డవాళ్ళని భుజాన వేసుకుని కిందికి మోసుకొచ్చాడు. ఆ కంపెనీ సార్జెంటు పేరడిగాడు. ఇతను మొత్తం చెప్పాడు. ఆ మహానుభావుడు చివరి ముక్క రాసుకున్నాడు.

అలా వెండి నక్షత్రం అనే సాహస పతకం కిరిందోంగో పేరున వచ్చింది. సొంత కంపెనీ హాజరు పట్టీలో మాత్రం ఆ రెండు రోజులూ రోసాదో 'అనుమతి లేకుండా గైర్హాజరు'. కిరిందోంగో అనేవాడు ఎంత వెతికినా దొరకలేదట, పతకం ఏ పెట్టెలోనో పడి ఉండిపోయింది. రోసాదో పారిపోయినవాడన్న ముద్రతో సొంతూరు హయూయాకి తిరిగొచ్చాడు. ఆ కాగితం చూసే తపాలా ఆఫీసులో ఉద్యోగం ఇవ్వం పొమ్మన్నారు. చౌకులో డామినోలు ఆడే దండు 'పరారీ' అని పేరు తగిలించింది. నలభై నాలుగేళ్ళు పరారీ! నిరుడు ఒక పాత స్నేహితుడు ఆ పతకం ఉత్తర్వు నకలు పంపేదాకా, అసలు తనకొక పతకం ఉందనే ఎవారిస్తోకి తెలీదు. ఈలోగా గుండె డాక్టరు వచ్చే క్రిస్మస్ చూస్తే గొప్పే అన్నాడు. పారిపోయాడన్న ఆ మాటని బతికుండగానే కొట్టేయించాలి. అదొక్కటే అతని కోరిక.

"మీ అమ్మ ఇంటిపేరేంటి బాబూ?" అన్నాడు ఎవారిస్తో ఉన్నట్టుండి.

వేలెస్ బల్ల మీద పేరుపలక వైపు చూసుకున్నాడు. అక్కడ వేలెస్ అని మాత్రమే ఉంది. "ఇప్పుడదంతా ఎందుకు సార్?"

"చెప్పడానికి సిగ్గా? నాకు సిగ్గు లేదు. మా అమ్మ సెనోవియా కిరిందోంగో. ఆ రోసాదో అనేవాడు పేరొకటి నా మొహాన కొట్టి యాపుకో ఊళ్ళో ఇంకో కాపురం పెట్టాడు. నాలుగు గంజి మెతుకులు పెట్టింది మా అమ్మ. కాఫీ తోటల్లో వానకి తడుస్తూ, చేతులు పుళ్ళు పడేలా గింజలు కోసి పెంచింది. ఎక్కడికెళ్ళినా రెండు పేర్లూ చెప్పు నాయనా అనేది. సార్జెంటుకి అందుకే మొత్తం చెప్పాను. దొంగపేరే కావాలంటే రోసాదో అని రాసుకో, నవ్వుతూ సంతకం పెడతాను!"

"అలా కుదరదు సార్."

"అయితే నాకూ కుదరదు," అని ఎవారిస్తో టోపీ అందుకుని లేచిపోయాడు.

ఇంట్లో కూతురు మిగ్దాలియా తలపట్టుకుంది. బడిలో వంట చేసే మనిషి. పొద్దున్నే మూడొందల మంది పిల్లలకి అన్నం వండి వచ్చి, మళ్ళీ ఈ మొండిమనిషితో వేగాలి.

"ఒక్క గడి నాన్నా! ఆ గడిలో ఏముందో ఊళ్ళో ఎవడు చూడొచ్చాడు?"

"నేను చూశాను."

"నాయనమ్మ పోయి ముప్పయ్యేళ్ళయింది. ఆవిడుంటే నిన్ను చెంప మీదొకటిచ్చి సంతకం పెట్టించేది."

"ఆవిడుంటే ఆ వేలెస్ గాడి చెంప పగిలేది. పో, కాఫీ పెట్టు."

మిగ్దాలియా ఇంక ఒక్క మాట అనలేదు. అనకపోవడమే అనుమానించాల్సిన సంగతి. అది మాత్రం ఎవారిస్తోకి తట్టలేదు.

అక్టోబరులో చిన్న నీలం పెట్టె వచ్చింది. లోపల వెండి నక్షత్రం, దానితో పాటు సరిచేసిన సర్వీసు కాగితం. గైర్హాజరు అన్న వాక్యం మాయం. వీధి వీధంతా ఇంట్లో పడింది. ఒకావిడ అరిటాకుల్లో చుట్టి ఉడికించిన పాస్తెలెస్ తెచ్చింది, ఇంకొకాయన రమ్ము తెచ్చాడు. డామినోల దండుకి పెద్ద అయిన తోన్యో ఎవారిస్తోని వాటేసుకుని గొల్లుమన్నాడు.

"నిన్ను పరారీ అన్న ఈ నోటిని చెప్పుతో కొట్టు బావా!"

"నా చెప్పులు కొత్తవి. పాడుచేసుకోను," అన్నాడు ఎవారిస్తో. అందరూ పడిపడి నవ్వారు. పాపం, ఎన్నేళ్ళకి నవ్వాడో! చొక్కాకి నక్షత్రం పెట్టుకుని, మధ్య కుర్చీలో పెళ్ళికొడుకులా కూర్చున్నాడు.

అందరూ వెళ్ళాక తీరిగ్గా కాగితం చదువుకున్నాడు. రెండో పేరా దగ్గర అతని వేలు ఆగిపోయింది. 'సదరు రోసాదో, తాను కిరిందోంగో అనే కల్పిత నామంతో సేవచేసినట్టు స్వయంగా అంగీకరించినందున...'

"ఎవడు అంగీకరించాడు?"

మిగ్దాలియా గిన్నెలు తోముతోంది. తోమే చెయ్యి ఆగింది గానీ, ఆమె వెనక్కి తిరగలేదు.

"ఎవడు అంగీకరించాడే అంటుంటే!"

"నేను పెట్టాను సంతకం. నీలాగే పెట్టాను. ఏం చెయ్యమంటావు నాన్నా? నువ్వు పరారీగా పోతే నేను చూడలేను. చంపినా చూడలేను."

ఎవారిస్తో ఛాతీ మీది నక్షత్రాన్ని పీకితే చొక్కా చిరిగింది. "నన్ను బతికించడానికి మా అమ్మని లేకుండా చేశావా? కల్పితమట! అంటే ఆవిడ లేదు. ఆవిడ కొయ్యలేదు, మొయ్యలేదు, నన్ను కనలేదు!"

మిగ్దాలియా ఏడ్చింది. అతను ఓదార్చలేదు. మర్నాడు ఇద్దరూ ఒకే బండిలో, పక్కపక్కనే కూర్చుని, వేలెస్ ఆఫీసున్న పొన్సేలో దిగారు.

వేలెస్ ముందు నీలం పెట్టె పెట్టి ఎవారిస్తో అన్నాడు, "ఇది వెనక్కి తీసుకో. ఆ అంగీకారం నాది కాదు."

"సార్, తొందరపడకండి. అది రద్దయితే మొత్తం రద్దవుతుంది. పతకం పోతుంది. ఆ రెండు రోజుల గైర్హాజరు మళ్ళీ ఎక్కుతుంది. మళ్ళీ అర్జీ పెడితే రెండేళ్ళో మూడేళ్ళో పడుతుంది, మీకు..." అక్కడ ఆగిపోయాడు.

"నాకంత టైము లేదు. అనేసెయ్, ఫరవాలేదు."

"మీరు పారిపోయినవారిగానే మిగిలిపోతారు సార్."

"మిగలనీ! నా గురించి మీరు రాసుకున్న అబద్ధం అది. నలభై నాలుగేళ్ళు మోశాను, ఇంకో రెండు నెలలు మొయ్యలేనా? మా అమ్మ గురించిన అబద్ధానికి మాత్రం నా సంతకం వెయ్యనివ్వను. తే, ఏ కాగితం నింపాలో తే!"

వేలెస్ సొరుగు లాగి ఉపసంహరణ పత్రం తీశాడు. ఎవారిస్తో పెన్ను పట్టుకున్నాడు. కోపమో గుండెజబ్బో, అక్షరం నిలవడం లేదు. మిగ్దాలియా కుర్చీ దగ్గరికి లాక్కుని, అతని వేళ్ళ మధ్య నుంచి పెన్ను తీసుకుంది.

"అప్పటి దొంగ సంతకం నేనే పెట్టానని రాస్తాను," అంది.

"అమ్మా, అది నేరం అవుతుంది," అన్నాడు వేలెస్.

"అవనీ."

రాసింది. రాసి, కింద తన పేరు పెట్టింది. ఇంకొక్క గడి మిగిలింది: ఉపసంహరణకు కారణం. ఆమె తండ్రి మొహంలోకి చూసింది. అతను గోడ వైపు చూస్తున్నాడు.

మిగ్దాలియా వంగి, పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది: 'మా నాయనమ్మ అలియాస్ కాదు.'

వేలెస్ అది చదివాడు. ఆ తర్వాత ముద్ర వేశాడు.