గడ్డం పెరిగేదాకా ఆగిన పెళ్లి

గులాబీ ఆవిరి. ఇరాన్‌లో మా కాషాన్ వీధులన్నీ ఆ వారం గులాబీ ఆవిరిలో నానుతున్నాయి.

ఇంటింటా రాగి బిందెల కింద మంటలు, ఇంటింటా పన్నీరు. మా ఇంట్లో మాత్రం పెళ్లి.

పెళ్లికూతురు ఫరంగీస్, మా పిన్ని కూతురు. నవ్వితే ఇల్లంతా వినపడే పిల్ల... ఆ ఉదయం స్నానాల గదికి గడియ వేసుకుని ఎంతకీ బయటికి రాలేదు.

మాలో పెళ్లికి ముందు ఆడపిల్ల ముఖం మీద దారం పడకూడదు. నూగు నూగులాగే ఉండాలి. పెళ్లి రేపనగా మగపెళ్లివారి ఆడవాళ్లు వస్తారు. పాటలు, చప్పట్లు, చక్కెర పూసిన బాదం పప్పులు — అందరి ఎదుటా తెల్లదారంతో ఆ నూగు తీస్తారు. అప్పుడే ఆమె పెళ్లికూతురు.

మా ఫరంగీస్‌ది నూగు కాదు.

గడ్డం. నల్లగా, బిరుసుగా, చుబుకం నిండా. పదహారో ఏట మొదలైంది. కారణాలకేం కొదవ? కడుపుతో ఉండగా అక్రోట్లు తెగ తిన్నావని అమ్మమ్మ పిన్నిని దెప్పేది. మీ వంశమే అంతని పిన్ని తిప్పికొట్టేది. డాక్టరమ్మ అక్రోట్లను వదిలేసింది గానీ వంశాన్ని వదల్లేదు. అండాశయాల్లో చిన్న చిన్న నీటిబుడగలు, మగ హార్మోను కాస్త ఎక్కువ, తల్లి వైపు నుంచి వచ్చిందేమో — కచ్చితంగా ఇదే అనలేనంది. పిల్లలు ఆలస్యం కావచ్చు, కాకపోనూవచ్చు అంది.

ఈ మాట మగపెళ్లివారికి ఎవరూ చెప్పలేదు; గడ్డాన్ని ఫరంగీస్ ముసుగు అంచుతో కప్పుకునేది. తెలిస్తే వద్దంటారేమో... అదే ఫరంగీస్ భయం. పెళ్లికొడుకు ఫర్జాద్ అంటే ఆమెకు ప్రాణం.

ఆ మధ్యాహ్నం మగపెళ్లివారి ఆడవాళ్లతో పాటు దారం వేసే మొనీర్ వచ్చింది. దారపు కొస పళ్ల మధ్య బిగించింది. చప్పట్లు మొదలయ్యాయి.

దారం చుబుకం మీద నడిచింది.

జారింది.

మళ్లీ నడిచింది... మళ్లీ జారింది.

పట్టుకోవడానికి వెంట్రుకేదీ? పొద్దున్నే వాళ్లన్న రేజరుతో గీసేసుకుంది పిచ్చిపిల్ల. చప్పట్లు ఆగిపోయాయి. పెళ్లికి ముందే ముఖం నున్నగా చేసుకున్న పిల్లకు నడత మంచిది కాదంటారు మా ఊళ్లో. పిన్ని ముఖం పాలిపోయింది.

పెళ్లికొడుకు నాయనమ్మ తూబా ఖానుమ్ లేచి వచ్చింది. ఆ గరుకు చుబుకాన్ని వేలితో తడిమింది.

ఇక ఫరంగీస్ దాచలేదు. బుడగలు, హార్మోను, పిల్లల సంగతి — అన్నీ చెప్పేసింది.

"తీసినా మళ్లీ వస్తుంది, నాయనమ్మా. బతికినన్నాళ్లూ వస్తూనే ఉంటుంది."

తూబా ఖానుమ్ ఆమె చుబుకం పట్టుకుని పైకెత్తింది.

"వస్తే రానీ. మా ఇంట్లో దారానికేం కరువు?" అంది. "పిల్లల సంగతి పెళ్లయ్యాక మీరిద్దరూ చూసుకోండి. కానీ దారం పడకుండా కోడల్ని ఎట్లా తీసుకుపోతానే? పెళ్లి ఆపండి. పెరగనివ్వండి."

ఆపేశారు. గడ్డం కోసం!

వంటవాళ్లకు కబురు వెళ్లింది. షిరాజు నుంచి వచ్చిన చుట్టాలు వెనక్కి పోకుండా మా ఇంట్లోనే తిష్ఠ వేశారు. వీధిలో ఎదురైన ప్రతివాళ్లూ మొలిచిందా అని పిన్నిని ఆరా తీసేవాళ్లే. అమ్మమ్మ అక్రోట్లు ఒలిచి ఒలిచి మనవరాలి నోట్లో కుక్కింది — త్వరగా పెరుగుతుందట.

ఫర్జాద్ రోజూ ఫోన్ చేసేవాడు. ఎంతవరకొచ్చిందని అడిగేవాడు. ఫరంగీస్ సిగ్గుపడేది, తిట్టేది, నవ్వేది.

ఇన్నేళ్లూ అద్దం చూడాలంటే వణికిన పిల్ల, ఇప్పుడు కళ్లు తెరవగానే అద్దం దగ్గరికి పరుగు. రావద్దు రావద్దని ఏడ్చిన దానికోసమే ఇంతమంది ఎదురుచూస్తున్నారు... ఆమెతో పాటు. అంత సంతోషంగా నేనామెను ఎన్నడూ చూడలేదు.

ఒక ఉదయం ఫోను ఆమే చేసింది. వాకిట్లో, మా అందరి మధ్యా, ఎండకు గడ్డం ఎత్తి నిలబడి.

"వచ్చేసింది," అంది. "మీవాళ్లను బయల్దేరమను."