లేని మొక్కు

మాసయ్య నోరు విప్పడం ఆ ఇంట్లో ఒక వింత. ఏదడిగినా తల ఊపేవాడు, లేకపోతే ఊరుకునేవాడు. ఊరుకున్నాడంటే ఔనన్నట్టేనని కోడలు మంగ ఎప్పుడో తేల్చేసింది. "మామా, ఇంకింత బువ్వ పెట్టనా?" అంటుంది. ఉలకడు, పలకడు. పెట్టేస్తుంది. "మామా, నీ పాత దుప్పటి పారేస్తున్న," అంటుంది. పలకడు. పారేస్తుంది. ఆ చలికాలమంతా ముడుచుకుని పడుకున్నాడే తప్ప, నాకా దుప్పటి కావాలని అననేలేదు.

అలాంటి మనిషి ఈ ఎండాకాలంలో ఒక మాటన్నాడు. లేనిది ఉన్నట్టు అన్నాడు. దాంతో మనవరాలి జుట్టు పోయింది.

చిక్కడపల్లిలో గ్రంథాలయం వెనక సందులో వాళ్లది రెండు గదుల కిరాయి ఇల్లు. పాలమూరు దిక్కు నుంచి వచ్చి చాలా ఏళ్లయింది. మాసయ్య అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలుండే హాస్టల్ దగ్గర పగలు కాపలా కూర్చుంటాడు. కొడుకు అంజిలయ్య కారు నడుపుతాడు. ఎండాకాలం వచ్చిందంటే ఊళ్లోవాళ్లందరినీ తిరుపతి, అరకు, హంపి తిప్పుకొస్తాడు. సొంత పెళ్లాం, బిడ్డ ఆ కారెక్కింది మాత్రం దానికి పూజ చేయించిన రోజునే.

మనవరాలు కీర్తన ఏడో తరగతి పాసైంది. నడుం దాటిన జుట్టు. బడికి రెండు జడలు వేసి పైకి మడిచి కట్టాలంటే మంగకు పొద్దున సగం పని అదే. ఆ పిల్ల మే నెలంతా ఒకటే పోరు.

"నాన్నా, బడి తెరవంగనే టీచర్ ఒక్కొక్కలను లేపి సెలవులల్ల యాడికి పోయిన్రు అని అడుగుతది. పోయినసారి ఇంట్లనే ఉన్న అన్న. సంయుక్త ఏమన్నదో ఎరుకేనా? మీ ఇల్లు చూడాలంటే టికెట్ ఎంత అన్నది. క్లాసంత నవ్విన్రు."

"గిరాకీ దినాలు బిడ్డా ఇవి. వచ్చే ఏడు పక్కా పోదం."

"వచ్చే ఏడు అని పోయినేడు అన్నవ్!"

అన్నం తింటున్న మాసయ్య తల ఎత్తకుండానే అన్నాడు. "శ్రీశైలం మల్లన్నకు మొక్కున్నది."

అందరి చేతులూ కంచాల్లోనే ఆగిపోయాయి. ముసలాయన మాట్లాడినందుకే సగం ఆశ్చర్యం.

"ఏం మొక్కు మామా? ఎప్పటిది?"

"పిల్ల దవాఖానల ఉన్నప్పటిది."

పోయిన వానాకాలం కీర్తనకు డెంగీ జ్వరం వచ్చి, ఇక దక్కదనుకున్నారు. మంగ ఇప్పటికీ రాత్రి లేచి పిల్ల నుదురు పట్టి చూడందే నిద్రపోదు.

"ఏమని మొక్కినవ్ మామా?"

ఏదో ఒకటి చెప్పాలి. "తలవెంట్రుకలు," అనేశాడు.

"అయ్యో! ఇన్ని దినాలు కడుపుల పెట్టుకొని కూసున్నవా మామా? దేవుని మొక్కు అట్లనే ఉంచుకుంటరా?" మంగ కళ్లలో నీళ్లు తిరిగాయి. అంజిలయ్య మారు మాట్లాడకుండా ఫోన్ తీసి, ఎవరికో రాలేనని చెప్పేశాడు.

అసలు సంగతి, ఆ మొక్కు లేదు. దవాఖానలో మాసయ్య గోడకానుకొని కూర్చున్నాడు, అంతే. భయంతో దేవుడి పేరు కూడా నోటికి రాలేదు. ఇప్పుడు పిల్ల ముఖం చూసి అన్నాడు. తన ఆశ కూడా ఒకటుంది. వయసులో ఉండగా శ్రీశైలం డ్యాం పనిలో తట్టలు మోశాడు. అది పూర్తయ్యాక ఎలా ఉందో చూడలేదు. వెంట్రుకలంటే ఏముంది, ఆడపిల్లలకు మూడు కత్తెర్లు వేయిస్తారు. ముందరి కొసలు మూడుసార్లు కత్తిరించి దేవుడికిస్తే మొక్కు తీరినట్టే. ఎవరికీ నష్టం లేదనుకున్నాడు.

ఇంకా తెల్లవారకముందే బయలుదేరారు. ఆమనగల్లు దాటాక పొద్దు పొడిచింది. మన్ననూరు గేటు దగ్గర్నుంచి అడవి. కీర్తన కిటికీలోంచి తల బయటపెట్టి ప్రతి బోర్డూ గట్టిగా చదివింది. దోమలపెంట దగ్గర కారాపితే ఓ కోతి వచ్చి ఆమె చేతిలోని చిప్స్ ప్యాకెట్ లాక్కుని, చెట్టెక్కి చించుకుని తింది. "చూడు చూడు, మా పెద్దనాయిన లెక్కనే తింటుంది," అని మంగ అంటే అంజిలయ్య స్టీరింగ్ మీద తల పెట్టి నవ్వాడు. వాళ్లిద్దరూ అలా నవ్వడం చూసి ఎన్నాళ్లయిందో అనుకున్నాడు మాసయ్య.

డ్యాం కనిపించే చోట దిగారు. మాసయ్య కటకటాలు పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టాడు.

"అగో, ఆ కుడిచేతి దిక్కు. ఆడ మోసిన తట్ట. మీ నాయినమ్మను ఈడనే చూసిన. కంకర మోస్తుండె. నా దిక్కు చూసి నవ్వింది. నచ్చిననేమో అనుకున్న. తర్వాత చెప్పింది, గంత మనిషివి గింతే మోస్తున్నవని నవ్వొచ్చిందట."

"నాన్నా, తాతకు నోరున్నదే!" కీర్తన చప్పట్లు కొట్టింది. "తాతా, అయితే ఈ డ్యాం నీదేనా?"

"సగం."

"మిగిలిన సగం?"

"మీ నాయినమ్మది."

పిల్ల పగలబడి నవ్వింది. క్లాసులో లేచి నిలబడి ఈ మాటే చెబుతానంది. ఫోన్లో తాతను డ్యాం ముందు నిలబెట్టి ఫొటోలు తీసింది. గాలికి జడలు ఎగిరి ముఖం మీద పడుతుంటే విసురుగా వెనక్కి తోసుకుంటోంది. బతుకులో ఇంత మంచి రోజు ఒకటి మిగిలి ఉందని మాసయ్య అనుకోలేదు.

మర్నాడు పొద్దున కల్యాణకట్టకు వెళ్లారు. క్షురకుడు నీళ్ల చెంబు పక్కన పెట్టుకుని అడిగాడు. "పాపకు మొత్తమా, మూడు కత్తెర్లా?"

మంగ వెనక్కి తిరిగింది. "మామా, గుండే అని మొక్కినవా?"

కీర్తన కూడా తాత వైపు చూసింది. భయం లేదు ఆ చూపులో. మూడు కత్తెర్లని తాత చెప్పేస్తాడనే ధీమా.

మాసయ్య నోరు తెరిచాడు. మాట నాలుక మీదే ఉంది. అప్పుడు, ఎదురుగా గోపురం కనబడింది. దేవుడి పేరు చెప్పి ఒక అబద్ధం ఆడాను, ఇప్పుడు ఆయన గడపలో నిలబడి దాన్ని బేరం చేస్తున్నానే అనిపించింది. ఆ జ్వరం మళ్లీ వస్తే? మాట వెనక్కి పోయింది.

ఊరుకున్నాడు.

మామ ఊరుకున్నాడంటే ఔనన్నట్టే. "మొత్తం తీయన్నా," అంది మంగ.

"అమ్మా, వద్దే! బడి తెరుస్తరే! తాతా, చెప్పు తాతా!"

"నీ పానం కన్న ఎక్కువనా జుట్టు? కూసో."

మంగ తానూ ఏడుస్తూనే బిడ్డ భుజాలు పట్టి కూర్చోబెట్టింది. తడి జుట్టు కుచ్చులు కుచ్చులుగా బండల మీద పడింది. కీర్తన కత్తిని చూడలేదు, జుట్టును చూడలేదు. అయిపోయేదాకా తాతనే చూసింది. ఆయన నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. ఒక్క మాటంటే ఆగేది. సగం తీశాక అన్నా సగం మిగిలేది. ఆ లెక్క కూడా చూసుకున్నాడు, అయినా నోరు పెగల్లేదు.

తిరుగు ప్రయాణంలో అదే అడవి, అవే కోతులు. కీర్తన తలకు గంధం పూసుకుని, అమ్మ చున్నీ కప్పుకుని వెనక సీట్లో ముడుచుకుని పడుకుంది. డ్యాం దగ్గరికి రాగానే అంజిలయ్య బండి నెమ్మది చేశాడు.

"ఇంకోసారి చూస్తవా నాయినా?"

మాసయ్య అడ్డంగా తల ఊపాడు.

ఆ రోజు నుంచి ఆయన సగం అన్నం కంచంలోనే వదిలి లేచేవాడు. మింగలేడు, కక్కలేడు. హాస్టల్ గేటు దగ్గర కూర్చుంటే వచ్చే పోయే ఆడపిల్లల జడలే కనబడేవి. ఒక సాయంత్రం సుల్తాన్ బజార్ దాకా పోయి, ఆ గుంపులో నలిగి, గులాబీ రంగు స్కార్ఫ్ ఒకటి తెచ్చి పిల్ల ముందు పెట్టాడు. కీర్తన దాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూసింది.

"ఇది బండి మీద పోయే ఆంటీలు ఎండకు కట్టుకునేది తాతా." మడిచి మళ్లీ ఆయన చేతిలోనే పెట్టింది.

మంగకు మాత్రం మనసు నిమ్మళించింది. రాత్రుళ్లు లేవడం మానేసింది. "మొక్కు తీరింది, ఇంక నా బిడ్డకు రంది లేదు," అని సందులో అందరికీ చెప్పింది. "మా మామ అప్పుడు మొక్కబట్టే," అని కూడా చెప్పింది. ఆ మాట చెవిన పడితే చాలు, మాసయ్య లేచి బయటికి పోయేవాడు.

జూన్‌లో బడి తెరిచారు. కీర్తన కదల్లేదు. గోడ వైపు తిరిగి పడుకుంది.

"దేవునికిచ్చిన జుట్టుకు ఇంత ఏడుస్తరా? పెరగదా ఏంది?" మంగ అరిచింది, బతిమాలింది, ఓ దెబ్బ వేసింది, తర్వాత తనే కూర్చుని ఏడ్చింది. వారం దాటినా పిల్ల లేవలేదు. చివరికి అంజిలయ్య, "ఇట్లయితే పేరు తీసేస్తరంట. ఇంట్లనే గిన్నెలు తోముకో మరి," అని విసుక్కుని బండి తీసుకుని పోయాడు.

కోపంలో అన్న మాటే. కానీ మాసయ్యకు అది గట్టిగా గుచ్చుకుంది. తను తట్ట మోయడానికి పోయింది మూడో తరగతిలో బడి మానేశాకే.

"లే బిడ్డా. నేనొస్త," అన్నాడు.

ఆయన పిలవడమే అరుదు. కీర్తన లేచింది. అమ్మ చున్నీ తలకు బిగించి కట్టుకుని, సంచి తగిలించుకుని, చెప్పులేసుకుంది. మంగ గుమ్మంలో నిలబడిపోయింది.

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద మెట్రో పిల్లర్ల నీడన నడిచారు. ఆటోలు, బస్సులు, బడి పిల్లల్ని ఎక్కించుకున్న స్కూటీలు. కీర్తన ప్రతి అద్దాల దుకాణం ముందూ ముఖం పక్కకు తిప్పుకుంటోంది. నారాయణగూడ దగ్గరపడేకొద్దీ ఆమె నడక మందగించింది. మాసయ్య ఒక పిల్లరు పక్కన ఆగాడు.

"బిడ్డా. నేను మొక్కలే."

"ఏం మొక్కలే?"

"ఏం మొక్కలే. అసలు మొక్కే లేదు. మనం యాడికన్న పోదమని అట్లన్న."

బస్సు ఒకటి హారన్ కొడుతూ పోయింది. కీర్తన సంచి భుజం మీదికి లాక్కుంది.

"మరి ఆడ ఎందుకు చెప్పలే?"

"నోరు రాలే."

"డ్యాం కాడ వచ్చింది కద నోరు!"

మాసయ్య తల దించుకున్నాడు. కీర్తన ముక్కుపుటాలు అదిరాయి. ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది.

"ఇంటికి పోయి మీ అమ్మకు చెప్త," అన్నాడు. "తిట్టనీ, వెళ్లగొట్టనీ. చెప్త."

"చెప్పకు." ఆ పిల్ల గొంతు పెద్దమనిషి గొంతులా ఉంది. "అమ్మ ఇప్పుడిప్పుడే నిద్రపోతుంది. మొక్కే లేదంటే మల్ల రాత్రంత నా తల కాడ కూసుంటది. నువ్వు చెప్పి మంచిగ నిమ్మళమైతవ్. అమ్మ పరేషాన్ అయితది. నీ కాడనే ఉంచుకో."

అని విసవిసా ముందుకు నడిచింది. వెనకే నడిచాడు మాసయ్య.

బడి గేటు దగ్గర పిల్లల గుంపు. దాంట్లోంచి ఒక పిల్ల ఉరికొచ్చింది. సంయుక్త అని చూడగానే తెలిసిపోయింది, నోరు ముందు, మనిషి వెనక.

"ఏయ్ కీర్తనా! ఇన్ని దినాలు యాడ పోయినవే? ఏంది ఈ చున్నీ?" అంటూనే కొంగు లాగింది. చున్నీ జారింది. "అమ్మో, గుండు! ఇటు చూడుర్రే, గుండు!"

గుంపంతా తిరిగింది. కిచకిచలు మొదలయ్యాయి. మాసయ్యకు అక్కడికక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది. కీర్తన చున్నీ మళ్లీ కప్పుకోలేదు. తీసి సంచిలో కుక్కుకుంది.

"మా తాతకు సీరియస్ అయింది," అంది గట్టిగా. "దవాఖానల డాక్టర్లు చెప్పలేమన్నరు. మా తాత బతికితే నా జుట్టంత ఇస్తనని నేనే శ్రీశైలం మల్లన్నకు మొక్కుకున్న."

నవ్వులు ఆగిపోయాయి. కళ్లన్నీ మాసయ్య మీదకి మళ్లాయి.

"గీ తాతనేనా?" సంయుక్త గొంతు తగ్గింది. "మొత్తం ఇచ్చినవా? మూడు కత్తెర్లు ఇస్తే అయిపోవు కదనే?"

"తాత పానం మూడు కత్తెర్లకు వస్తదా?"

గేటు దగ్గరి ఆయమ్మ చెంపల మీద చేతులు వేసుకుని ముందుకొచ్చింది. "ఎంత మంచి మనసు తల్లీ! పెద్దాయినా, ఎట్లుంది ఇప్పుడు?"

మాసయ్య పలకలేదు. కీర్తన ఆయన వైపు తిరిగింది. కల్యాణకట్టలో చూసినట్టే చూసింది, కానీ ఈసారి ఆ కళ్లలో ధీమా లేదు. "చెప్పు తాతా. అడుగుతున్నరు కద."

ఊరుకుంటే కుదరదు. ఇక్కడ ఊరుకుంటే పిల్ల అబద్ధాలకోరు అవుతుంది.

"ఊపిరాడలే," అన్నాడు మాసయ్య. "పోయిందనుకున్నరు పానం. ఈ పిల్ల మొక్కబట్టే ఉన్న."

"నీ పుణ్యం అమ్మా," అని ఆయమ్మ కీర్తన గుండు నిమిరింది. సంయుక్త కూడా, ముట్టుకోవచ్చా అని అడిగి మరీ ముట్టుకుంది. ఒకతె సంచి పట్టుకుంది. గుంపు కీర్తనను నడిపించుకుంటూ లోపలికి కదిలింది.

గేటు దాకా పోయి ఆ పిల్ల వెనక్కి వచ్చింది. దగ్గరగా వచ్చి, ఎవరికీ వినబడకుండా అంది.

"సాయంత్రం నువ్వే రావాలె. దగ్గుకుంట రా. అందరు చూస్తరు. రోజు రావాలె, నా జుట్టు పెరిగేదాక."

"వస్త బిడ్డా."

"అమ్మ ముందట మాత్రం దగ్గకు, మంచిగనే ఉండు."

"ఉంట."

అశోక్‌నగర్ గేటు దగ్గర ఆ రోజంతా ఆయన ఎవరికీ సలాం కొట్టలేదు. ఏం పెద్దాయినా, అట్లున్నవ్, ఒంట్ల బాగలేదా అని హాస్టల్ పిల్లలడిగితే తల ఊపాడు. ఔనో కాదో వాళ్లకు అర్థం కాలేదు. ఇంకా ఎండ తగ్గకముందే పని అప్పగించి నారాయణగూడ నడిచాడు. నీడ ఉన్నా నీడకు పోకుండా గేటుకెదురుగా ఎండలోనే నిలబడ్డాడు.

గంట కొట్టారు. పిల్లలు గుంపుగా బయటికొచ్చారు. వాళ్ల మధ్య జుట్టు లేని తల ఒకటి ఇటే చూస్తోంది.

మాసయ్య దగ్గాడు.