ఒకరి చొక్కా ఒకరు

పొద్దున ఆరింటికల్లా ఇస్త్రీ షాపు షట్టర్ లేచేది. ముందు చెల్లెలు వచ్చి బల్లమీద దుప్పటి సరిచేసేది, సీసాల్లో నీళ్లు నింపేది, గంజి పెట్టి ఆరేసిన బట్టల్ని వేళ్లతో నలిపి చూసేది. అంతా అయ్యాక అన్న వచ్చి, "ఏంటే, ఇంకా మొదలెట్టలేదా?" అనేవాడు.

"తమరు రిబ్బన్ కత్తిరించాలిగా మహారాజా, అందుకే ఆగాను" అనేది ఆమె.

ఇరవై ఏళ్లుగా రోజూ ఇదే మాట, ఇదే జవాబు. ఏ రోజైనా ఇది జరగకపోతే ఇద్దరికీ పని సాగేది కాదు. హోటల్ సర్వర్ల కోట్లు, బ్యాంకు వాళ్ల చొక్కాలు, నర్సుల యూనిఫారాలు, ఆ వీధిలో నలిగిన బట్టంతా అక్కడికే వచ్చేది. అన్నది బరువు చేయి, కోట్లూ ప్యాంట్లూ అతని వంతు. చెల్లెలిది తేలిక చేయి, కాలర్లూ కుచ్చిళ్లూ ఆమె వంతు. షాపు వెనకే ఇల్లు. ఆ ఇంట్లో వీళ్లిద్దరితో పాటు వదిన. పిల్లలు లేరు.

గిరాకీ బట్టల కంటే ముందు ఇంటి బట్టలు తేలాలి. చెల్లెలి చొక్కా అన్న చేసేవాడు, అన్న చొక్కా చెల్లెలు చేసేది. ఎవరి బట్ట వాళ్లు ఇస్త్రీ చేసుకోకూడదని అమ్మమ్మ పెట్టిన కట్టుబాటు. దానికి కారణం ముడత.

ఆ ఇంట్లో కొందరి బట్టలకి కుడివైపు, బొడ్డుకి నాలుగు వేళ్ల కింద, వేలెడు పొడవున ఒక ముడత పడేది. సాయంత్రం బట్ట విప్పేసరికి అందరికీ ఉండే నలుగుల్లో అదీ కలిసిపోయేది, తొడుక్కున్నవాళ్ల కంటికి ఆనేది కాదు. మిగతావన్నీ ఇస్త్రీ పెట్టె కింద బుద్ధిగా పోయాక అది ఒక్కటే మొండికేసి నిలబడేది. కొత్త బట్టకీ అంతే, పాత బట్టకీ అంతే. అందరికీ ఉండేది కాదు. తాతయ్యకి ఉంది. అమ్మకి వచ్చింది, పిన్నికి రాలేదు. కొందరికి ఉంగరాల జుట్టు వస్తుంది, వీళ్లకి ముడత వచ్చింది. వీధిలో అందరికీ తెలుసు, ఎవరూ వింతగా చూడలేదు. ముడత ఉన్నవాళ్లు యాభై దాటకుండా కడుపు జబ్బుతో పోతారనీ తెలుసు. అమ్మ నలభై నాలుగో ఏట పోయింది.

"ఎవరిది వాళ్లు చూసుకుంటే ముద్ద దిగదు. రెండోవాళ్లు చూసి, నొక్కేసి, నోరు మూసుకోవాలి" అనేది అమ్మమ్మ. ఆవిడ కాలంలో దానికి మందూ మాకూ లేవు. తెలిసినా చేయగలిగింది ఏమీ లేనప్పుడు తెలియనివ్వకపోవడమే దయ అనుకుంది. పాపం, ఆవిడని ఏమంటాం.

చెల్లెలికి పదహారేళ్లప్పుడు పని నేర్పింది అన్నే. మొదటి రోజు తన చొక్కానే ఆమె ముందు పరిచి, కిటికీ వైపు తిరిగి ఈల వేస్తూ నిలబడ్డాడు. నలుగులన్నీ పోయాయి. ఒక్కటి మిగిలింది. ఆమె పెట్టె ఎత్తి పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ముడత కనబడితే నోరెత్తకు" అన్నాడు అతను తల తిప్పకుండానే. "నీళ్లు చల్లు, మూడుసార్లు నొక్కు. లేనిది లేదు, ఉన్నది పోయింది. అంతే పని."

ఆమె మూడుసార్లు నొక్కింది. ఆ రోజు నుంచి ప్రతిరోజూ నొక్కింది. అతని పెళ్లి కోటు మీద ముడత గంటసేపు సతాయించింది. వెనిగర్ నీళ్లు చల్లి, తడిగుడ్డ వేసి, చేయి కాల్చుకుని సాధించింది. పెళ్లిలో అందరూ ఆ కోటుని మెచ్చుకుంటుంటే బాత్రూములోకి వెళ్లి ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చింది.

తన చొక్కా సంగతి ఆమెకి తెలియదు. పొద్దునకల్లా అది హ్యాంగర్ మీద అద్దంలా ఉండేది. ఒకటి రెండుసార్లు అన్న ముఖం పరీక్షగా చూసింది. పేకాటలో నిలువునా మునుగుతున్నప్పుడు కూడా మారని ముఖం అది, ఏం కనిపెట్టగలదు?

నలభై ఒకటో ఏట అన్న బెల్టు రెండు బెజ్జాలు లోపలికి వచ్చింది. నెత్తురు పడుతోందని వదినకి కూడా చెప్పకుండా, వేడి చేసిందిలే అని సరిపెట్టుకుంటూ ఏడాది గడిపాడు. ఆస్పత్రికి వెళ్లేసరికి జబ్బు పెద్దపేగు దాటి కాలేయానికి పాకింది.

డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. ఇంట్లో ఈ జబ్బు ఇంకెవరికి ఉండేదని అడిగి, చెల్లెలు చెప్పిన పేర్లన్నీ కాగితం మీద కొమ్మలుగా రాసుకుంది. తర్వాత ముగ్గురికీ అర్థమయ్యేలా చెప్పింది.

"ఒంట్లో కణాలు రోజూ తమకి తామే నకళ్లు రాసుకుంటాయి. రాతలో తప్పులు పడతాయి. వాటిని దిద్దే ఏర్పాటు కూడా ఒంట్లోనే ఉంటుంది. మీ ఇంట్లో కొందరికి ఆ దిద్దే ఏర్పాటు పుట్టుకతోనే కాస్త పాడైపోయి ఉంది. తల్లికో తండ్రికో ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకీ రావడానికి సగం, రాకపోవడానికి సగం అవకాశం."

"వస్తే?" అంది చెల్లెలు.

"వచ్చినంత మాత్రాన జబ్బు వచ్చినట్టు కాదు. ముందే తెలిస్తే ఏటా కెమెరాతో పేగు చూస్తాం. బుడిపెలా ఉన్నప్పుడే తీసేస్తాం. మీ అన్నయ్య ఓ మూడేళ్ల ముందు వచ్చి ఉంటే..." అని ఆవిడ ఆగి, కాగితం మడిచింది. "మీరు కూడా పరీక్ష చేయించుకోండి."

"నాకేమండీ, గుండ్రాయిలా ఉన్నాను. నేనిక్కడ కూర్చుంటే షాపెవరు చూస్తారు?"

అది వంక. మూడేళ్లంటే ఎన్ని పొద్దులో ఆమె మనసు అక్కడే కూర్చుని లెక్కేసింది. ప్రతి పొద్దునా ఈ చేతులే కదా నొక్కింది. ఒక్కరోజు నొక్కకుండా వదిలేస్తే చాలు, అతను చూసుకునేవాడు, భయపడేవాడు, వచ్చేవాడు. అన్నని ముంచిన చేతులకి పరీక్షలెందుకని ఆమెకి గట్టిగా అనిపించింది.

అన్నని ఇంటికి తెచ్చారు. అతను రోజూ అడిగేవాడు, వెళ్లావా అని. సర్వర్ల కోట్లు తేలనీ అనేది, నర్సుల యూనిఫారాలు ఇచ్చేసి వెళ్తాను అనేది. నెల దాటింది. అన్న మంచం పక్కనే చిన్న బల్ల వేయించుకున్నాడు. రోజుకి ఒక్క చొక్కా మాత్రం కూర్చుని ఇస్త్రీ చేసేవాడు. అది చెల్లెలిది. అరగంట పట్టేది, చెమటలు కారేవి. వదిన తను చేస్తానని వచ్చినా పెట్టె చేతికిచ్చేవాడు కాదు.

ఒక పొద్దున ఆమె తన నీలం చొక్కా కోసం హ్యాంగర్ దగ్గరికి వెళ్లింది. కాలర్ నిలబడి ఉంది. చేతులు అద్దంలా ఉన్నాయి. కుడివైపు, బొడ్డుకి నాలుగు వేళ్ల కింద, వేలెడు ముడత.

చేయి పడిపోయింది పాపం, చూసుకోలేదు, అని మొదట అన్న గురించే బాధపడింది. వెనక్కి తిరిగితే అతను ఆమెనే చూస్తున్నాడు. ఈల వేయడం లేదు.

"చేతకాక వదిలేశాననుకున్నావా? ఇరవై ఏళ్లు నొక్కినవాణ్ని, ఇవాళ నొక్కలేనా?"

ఆమె చొక్కా పట్టుకునే కింద కూర్చుంది. "ఎప్పటినుంచి?"

"నీకు పనిచొక్కా కుట్టించిన రోజు నుంచి."

"నీది కూడా అన్నయ్యా... నేను..." అమ్మమ్మ నియమం గుర్తొచ్చి ఆగింది.

"తెలుసులే. జబ్బు తెలిసిన రోజే తెలిసింది."

"ఒక్కసారి వదిలేసి ఉంటే బతికేవాడివి. నేనే చంపుకున్నాను నిన్ను."

"నోరెత్తకు అని నీకు నేర్పింది ఎవరే? నువ్వు మంచి పనిమంతురాలివి, చెప్పింది చెప్పినట్టు చేశావు. నీ తప్పేం లేదు, విన్నావా? ఏడుపు తర్వాత. ముందు ఆస్పత్రికి వెళ్లు. ఆ చొక్కా వేసుకునే వెళ్లు, నొక్కావంటే ఊరుకోను."

ఆమె ముడత చొక్కాతో వీధిలోకి వచ్చింది. హోటల్ సర్వర్లు చూశారు, బ్యాంకు వాచ్‌మన్ చూశాడు. బస్సులో అదే వీధికి చెందిన, కడుపుతో ఉన్న ఒకావిడ ముడత చూసి లేచి సీటిచ్చింది. వద్దన్నా వినలేదు.

నెత్తురు పరీక్షలో ఆమెకీ ఆ లోపం ఉందని తేలింది. కెమెరా వేసి చూస్తే పేగులో రెండు బుడిపెలు కనిపించాయి. ఒకటి చెడడానికి సిద్ధంగా ఉంది. రెండూ తీసేశారు. ఇంకో ఏడాది ఆగి ఉంటే మాట వేరేలా ఉండేదని డాక్టరమ్మ చెప్పింది. చెల్లెలు నేరుగా ఇంటికొచ్చి అన్న పక్కన కూర్చుంది.

"తీసేశారు."

"నొప్పెట్టిందా?"

"మత్తిచ్చారు, ఏం తెలీలేదు."

"మరింకేం, పోయి పని చూసుకో" అన్నాడు. వాడిపోయిన ముఖంలో నవ్వు ఒక్క క్షణం నిలిచింది. పదకొండు రోజులకి పోయాడు. ఆఖరి చొక్కా ఆమే ఇస్త్రీ చేసింది. ముడతని ఉన్నది ఉన్నట్టు వదిలేసింది.

తర్వాత ఆమె ఏటా వెళ్లి పరీక్ష చేయించుకుంది. రెండో ఏడు ఒక బుడిపె తీశారు, మిగతా ఏళ్లు ఏమీ లేదన్నారు. షాపు నడుస్తూనే ఉంది. వదిన చీటీలు రాస్తుంది, బట్టలు అందిస్తుంది. పొద్దున షట్టర్ ఎత్తాక, ఇంకా మొదలెట్టలేదా అని అడిగే మనిషి లేడు.

ఏడో ఏడు, వీధిలోకి కొత్తగా వచ్చిన టీచరమ్మ దుప్పట్లు తెచ్చింది. మాటకలిపే మనిషి. చీటీ రాసేలోగా గోడమీద ఫొటో చూసి, "మీ తమ్ముడా అండీ? అదే ముక్కు, అదే నవ్వు" అంది.

చెల్లెలు కాదనబోయి ఆగింది. నలభై మూడేళ్లకి తల నెరిసిన తన ముఖాన్నీ, నలభై రెండు దగ్గర ఆగిపోయిన అతని ముఖాన్నీ ఒకేసారి చూసుకుంది. ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది.

"అన్నయ్యండీ" అంది. "పోయిన నెల దాకా నాకంటే పెద్దవాడు."

టీచరమ్మ చీటీ తీసుకుని వెళ్లిపోయింది. వదిన వచ్చి పెట్టె ప్లగ్గు పీకేసి, ఆమె పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.