బూరుగు దూది రాలిన వేసవి

ఆ ఏడు పటాన్‌చెరు పక్కన కొత్తగా లేచిన ఫ్యాక్టరీ క్వార్టర్లలో దొంగతనాలన్నీ మధ్యాహ్నమే జరిగేవి. మగవాళ్లు డ్యూటీలో ఉండగా, ఆడవాళ్లు కాస్త కన్ను మూయగా, ఎవరో పెరటి గుమ్మంలోంచి వచ్చి పోయేవారు. ఒకరింట్లో ఇత్తడి బిందె పోయింది. ఇంకొకరింట్లో గోడ గడియారం. దండెం మీది పట్టుచీర ఒకటి, ఆరకముందే. ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండేవి. ఒక ఇల్లు తెలిసినవాడికి అన్ని ఇళ్లూ తెలిసినట్టే.

అన్నపూర్ణ కాపురానికి వచ్చి ఏడాది కాలేదు. వాళ్లది గోదావరి లంకల్లో ఊరు. భర్త త్రినాథరావు ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఆమెకిప్పుడు ఐదో నెల. ఎండాకాలంలో ఆకాశంలోంచి దూది రాలడం ఆమె ఇక్కడే చూసింది. కాలనీ చివర బూరుగు చెట్ల కాయలు పగిలి, తెల్లటి పింజలు వీధుల్లోకి, కిటికీల్లోకి, ఆరబోసిన వడియాల మీదికి తేలుతూ వచ్చేవి. చూస్తూ చూస్తూ నిద్రలోకి జారిపోయేది. నిద్రలో కాలువ, పడవ, పుట్టింటి అరుగు. లేచాక కూడా కాసేపు తను ఏ ఊళ్లో ఉందో తెలిసేది కాదు.

"తలుపు పెట్టుకొని పండుకో అక్కా, దినాలు మంచిగ లేవు" అని పక్కింటి సుకుమారి రోజూ చెప్పేది. సుకుమారి ఈ నేల పిల్ల. తండ్రి పోతిరెడ్డిపల్లిలో బడిపంతులు, ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే.

ఒకనాడు అన్నపూర్ణ పెరటి తలుపు వెయ్యడం మరిచిపోయింది. చాప మీద కళ్లు తెరిచేసరికి గదిలో ఒక మనిషి. కిటికీ వెలుతురుకి అడ్డంగా నిలబడ్డాడు, మొహం నీడలో ఉంది. జుట్టు నిండా దూది. చేతుల్లో వాళ్ల రేడియో. ఆమెకు భయం వెయ్యలేదు. ఇంకా పుట్టింటి అరుగు మీదే ఉంది.

"అన్నయ్యా, ఎప్పుడొచ్చావు? అన్నం తిన్నావా?" అంది.

ఆ మనిషి రేడియో గుండెకు హత్తుకున్నాడు. "ఇంకా తినలేదండి" అన్నాడు.

"వంటింట్లో పప్పుంది, పెట్టుకో" అని ఆమె మళ్లీ కళ్లు మూసుకుంది.

ఫ్యాక్టరీ సైరనుకు మెలకువ వచ్చింది. కల అనుకుంది. కానీ పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది. రేడియో గడప దగ్గర నేల మీద ఉంది. దాని మీద తెల్లటి పింజ ఒకటి వాలి ఉంది. వంటింట్లో గిన్నెల మూత ఎవరూ తియ్యలేదు. గబగబా వెళ్లి పెరటి తలుపు గడియ పెట్టింది.

త్రినాథరావు ఆ సంగతి కాలనీ పెద్ద భీమశంకరానికి చెప్పాడు. ఫోర్‌మన్ భీమశంకరంది కూడా గోదావరి వైపే. మర్నాటి నుంచి డ్యూటీ దిగినవాళ్లు కర్రలు పట్టుకుని తిరిగారు. నాలుగో పూట యాదన్నను పట్టుకున్నారు.

యాదన్నది పక్క ఊరు వెలిమెల. పొలం చాలావరకు ఫ్యాక్టరీ కిందకే పోయింది. మిగిలిన చెక్కకు దారి క్వార్టర్ల వెనక నుంచే. బర్రెలకు గడ్డి కూడా ఆ పెరళ్ల వెనకే కోసుకునేవాడు. చేతిలో కొడవలి, వచ్చేది మధ్యాహ్నం. అంతకన్నా రుజువు ఎవరూ అడగలేదు.

అతన్ని నీళ్ల ట్యాంకు స్తంభానికి కట్టేశారు. పెదవి చిట్లింది. గడ్డిమోపు విడిపోయి కాళ్ల చుట్టూ పడి ఉంది. అన్నపూర్ణను పిలిపించారు. సుకుమారి ఆమె చెయ్యి వదలకుండా పక్కనే వచ్చింది.

"వీడేనా అమ్మా? భయపడకుండా చెప్పు" అన్నాడు భీమశంకరం.

అందరూ ఆమె "అవును" కోసం ఎదురుచూస్తున్నారు. ఆ మాట అంటే ఇవాళ్టి నుంచి కాలనీ అంతా హాయిగా నిద్రపోతుంది. ఆమె యాదన్న మొహంలోకి చూసింది. కలలో మొహాలు నిలవవు. ఏం చెయ్యాలో తోచక, ఆనాడు అడిగిన మాటే అడిగింది.

"అన్నం తిన్నావా?"

వెనక ఎవరో నవ్వారు. యాదన్న తలెత్తాడు.

"ఏడ తింట బిడ్డా? గీళ్లు ఇడిస్తె ఇంటికి పోయి తింట."

"ఈయన కాదు" అంది అన్నపూర్ణ. "ఆ మనిషి నాతో 'తినలేదండి' అన్నాడు బాబాయిగారూ. అండి అన్నాడు, మనలాగే."

గుంపు ఒక్కసారిగా చల్లబడింది. భీమశంకరం మొహం నల్లబడింది. "నిద్దట్లో విన్న మాట పట్టుకుని మనవాళ్లనే అంటావా?"

"నిద్దట్లో విన్నా మన ఊరి మాట నాకు తెలీదా?"

అప్పుడు త్రినాథరావు చేతిలో కర్ర కింద పడేసి, వెళ్లి తాడు విప్పాడు. యాదన్న గడ్డి ఏరుకోలేదు. కొడవలి తీసుకుని పోయాడు.

ఆ వారం నుంచి ఆడవాళ్లు మధ్యాహ్నాలు సుకుమారి పెరటి వసారాలో కూడేవారు. పప్పులు ఏరుకుంటూ, కుట్టుకుంటూ, ఒకరు కునుకు తీస్తే ఇంకొకరు వెనక దారి చూస్తూ. దొంగతనాలు ఆగిపోయాయి. కొన్నాళ్లకు లింగంపల్లి స్టేషన్‌లో పోలీసులు ఒక కుర్రాణ్ని పట్టుకున్నారు. ఉద్యోగం కోసం గోదావరి వైపు నుంచి వచ్చి, దొరక్క, బ్రహ్మచారుల క్వార్టర్లో ఎవరి దగ్గరో తలదాచుకున్నాడట. ఆ కబురు విన్న రోజు అన్నపూర్ణ అన్నం ముందు కూర్చుని ఏడ్చింది.

అన్నపూర్ణ సుకుమారిని వెంటబెట్టుకుని వెలిమెల వెళ్లింది. యాదన్న భార్య పోశమ్మ మంచం వాల్చి, చల్ల ఇచ్చింది. యాదన్న లోపలే ఉన్నాడు. దగ్గు వినిపించింది కానీ బయటకు రాలేదు.

"ఆయన మనసు ఇరిగింది బిడ్డా. నీ మీద కాదు" అంది పోశమ్మ.

వేసవి అంతా అతను చుట్టూ తిరిగి, కంచె అవతల నుంచి పొలానికి పోయాడు. వానలు పడ్డాక ఆ దారి మునిగింది. ఒక మధ్యాహ్నం చినుకుల్లో, గోనెసంచి తలమీద కప్పుకుని, క్వార్టర్ల వెనక నుంచి బర్రెలు తోలుకుంటూ వచ్చాడు. నిండు నెలలతో ఉన్న అన్నపూర్ణ వసారా స్తంభం పట్టుకుని లేచి, చినుకుల్లోకి మెట్టు దిగింది.

"యాదన్నా!"

అతను ఆగలేదు. కానీ తల కొంచెం తిప్పాడు.

"తడుస్తున్నవ్, లోపలికి పో బిడ్డా" అని, బర్రెను అదిలించుకుంటూ వానలోకి సాగిపోయాడు.